పదిహేడో వాటా

ఇన్నేళ్లూ దీన్ని ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు. యాభై ఒకటో ఏట వరకు నా సంతకం బొటనవేలే.

మా ఇంట్లో ఆడపిల్లకు ఏడేళ్లు రాగానే ఒళ్లో చాట పెట్టేవారు. చాటలో తునికాకు, తంబాకు, కత్తెర. కార్ఖానావాళ్లు ఆకు తూకం వేసి ఇస్తారు. ఆ ఆకులోనే వెయ్యి బీడీలు రావాలి. తక్కువైతే కూలి కోస్తారు, ఆకు సరిపోకపోతే మన డబ్బుతో కొనాలి. మా పెద్దమ్మ చెప్పేది, ఆకు వంక చూస్తే ఎప్పుడూ తక్కువే కనబడుతుంది, కత్తెర కింద రాలిన ముక్కలు చూడు, అందులో ఇంకో పది బీడీలుంటాయి అని. అలా అక్షరం రాకపోయినా లెక్క వచ్చింది. ఇరవై అయిదు బీడీలకు కట్ట, నలభై కట్టలకు వెయ్యి.

మస్కట్ వెళ్లాక ఇంటికి ఉత్తరాలు రాసిపెట్టడానికి మావైపు అతనే ఒకడు దొరికాడు. నేను గంటసేపు చెబితే నాలుగు వరుసలు రాసి, ఇక్కడ అందరం క్షేమం అని ముగించేవాడు. అదేమంటే, "అక్కా, కాయితం బరువైతే టికిట్లు ఎక్కువైతయ్" అనేవాడు. అందుకే ఈ సంగతి ఏ ఉత్తరంలోకీ ఎక్కలేదు.

తిరిగి వచ్చాక మహిళా సంఘంలో నన్ను లీడరుగా పెట్టారు. లీడరు వేలిముద్ర వేస్తే బాగుండదని లెక్కలు రాసే అమ్మాయి పట్టుబట్టి అక్షరాలు దిద్దించింది. సంతకం వచ్చింది, బస్సు బోర్డులు వచ్చాయి, తర్వాత పేపరు వచ్చింది. ఇప్పుడు నా చేత్తోనే రాస్తున్నాను. కాగితం ఎంత బరువైనా నాకు బెంగ లేదు.

ఎనభైల చివర్లో నేను మస్కట్‌లో ఖురం అనే చోట ఒక మేనేజర్ గారింట్లో పనికి కుదిరాను. వంట, ఇల్లు, ఇద్దరు పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించడం నా పనులు. వాళ్లది కడప. ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు. ఆయన పనిచేసేది బిల్డింగులు కట్టే కంపెనీలో. వందల మంది కూలీలకు పెద్ద ఆయనే. కూలీలు ఆయనను ముదీర్ సాబ్ అనేవారు, నేను సార్ అనేదాన్ని. ఆయన భార్యను మేడం అనేదాన్ని గానీ, ఆమె మాత్రం నన్ను వంటింట్లో ఒంటరిగా తిననిచ్చేది కాదు.

నాలుగేళ్లు ఒక్కదాన్నే ఉన్నాను. మా పిల్ల మా అమ్మ దగ్గర, మా ఆయన ఊళ్లో. చివరికి మేడం పోరు పెట్టగా సార్ మా ఆయనకూ వీసా తీశారు. ఆ కంపెనీలోనే ఇనుప చువ్వలు కట్టే పని. మేడం ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఇండియా నుంచి కొత్తగా దిగినవాళ్లు ఎవరైనా మొదటి అన్నం ఆమె ఇంట్లోనే తినాలి. చలి మొదలయ్యే నెలలో ఒక రోజు ఆరుగురు దిగారు. ఆరుగురూ మా జిల్లా వాళ్లే. వరండాలో చాప మీద వరుసగా కూర్చున్నారు. అందులో చివరివాడు మా ఆయన. నాలుగేళ్ల తర్వాత చూడటం. అందరి ముందూ ఏం మాట్లాడతాను? ఆయన ప్లేటులో అన్నం కింద ఒక గుడ్డు దాచి పెట్టాను. ఆయన అన్నం కలిపి, గుడ్డు తగలగానే తల వంచుకుని నవ్వాడు. అదే మా పలకరింపు.

మా ఆయన పుట్టింది బొగ్గుబాయి కాలనీలో. అక్కడ మగపిల్లలంతా ఫుట్‌బాల్ ఆడేవారు. ఈయన పొడుగు కాబట్టి గోల్ దగ్గర నిలబెట్టారట. ఆ సంగతి సార్‌కు తెలిసిన రోజు నుంచి ఆయనకు చువ్వల కంటే బంతే ఎక్కువైంది. సార్‌కు ఆట పిచ్చి. మా ఆయనతో కలిపి ఆ రోజు దిగిన ఆరుగురినీ, పాత కూలీలు కొందరినీ కలిపి కంపెనీకి కొత్తగా జట్టు కట్టారు. బౌషర్ క్యాంపు వెనక కంకర నేలను చదును చేసి, స్కాఫోల్డింగ్ పైపులతో గోల్ స్తంభాలు పాతారు. చలికాలంలో కంపెనీల జట్లన్నీ కలిసి లీగు ఆడతాయి. ఎండాకాలం ఆట ఉండదు. ఆ ఎండల్లోనే వచ్చే ఏడాదికి ఎవరు ఉండాలి, ఎవరు పోవాలి అన్నది తేల్చుకుంటారు.

జట్టులో ఉంటే రెండు లాభాలు. జీతం కాక నెలకు కొంత ఆట డబ్బు ఇస్తారు, అందరికీ సమానంగా. దాన్ని వాటా అనేవారు. రెండోది నాకు ముఖ్యమైనది. ఆటగాళ్లను సాయంత్రం ప్రాక్టీసు కోసం బౌషర్ క్యాంపులోనే ఉంచుతారు. బౌషర్ నుంచి ఖురం దగ్గర. ప్రతి శుక్రవారం సెలవు రోజున మా ఆయన వచ్చేవాడు. సముద్రం పక్కన గోడ మీద కూర్చుని, నేను తెచ్చింది తిని, పొద్దు గూకేదాకా మాట్లాడుకునేవాళ్లం. జట్టులో లేనివాళ్లు ఏ సైటుకు పంపితే ఆ సైటుకు పోవాలి. ఆ ఏడాది పెద్ద సైటు ఇబ్రాలో మొదలైంది. ఇబ్రా చాలా లోపల. అక్కడికి పోయినవాడు మస్కట్ ముఖం చూడటానికి నెలలు పట్టేది.

అది తొంభైల మొదట్లో జూన్ నెల. సార్ భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకున్నారు. నేను టీ పోస్తున్నాను. వేరే కంపెనీలో గోల్స్ బాగా కొట్టే ఒక మలయాళీ ఉన్నాడు. అతను మన జట్టులోకి వస్తానన్నాడట.

"వాడు కావాలంటే రెండు వాటాలు ఇయ్యాల్సిందే" అన్నారు సార్. "పోయినేడు మన మీదే మూడు కొట్టినాడు."

"మన మీద కొట్టినోణ్ణి తెచ్చుకుంటే ఇంగ మన మీద ఎవురూ కొట్టరా?" అంది మేడం.

"నీకు ఆట తెల్దులే."

"ఆట తెల్దు గానీ, బల్ల మీద అన్నం పెట్టనీకుండా మీరు పరిచే ఈ కాయితాలు బాగా తెల్సు."

సార్ నవ్వలేదు. "సీలింగ్ ఉంది గదా, అదే కొంప ముంచతాంది. పదహారు వాటాల కన్నా ఒక్కటి ఎక్కువైనా టీమునే పక్కన పెడ్తారు."

ఒకప్పుడు డబ్బున్న కంపెనీ ఒకటి అందరి ఆటగాళ్లనూ కొనేసిందట. అప్పుడు కంపెనీలన్నీ కూర్చుని, ఏ జట్టూ ఏడాదికి, అంటే జూలై నుంచి జూన్ దాకా, పదహారు మంది వాటాల కంటే ఎక్కువ ఖర్చు పెట్టకూడదని రాసుకున్నాయి. మనవాళ్లలో ఒకడు పని మానేసి ఇంటికి పోయాడు కాబట్టి పదిహేను మంది మిగిలారు. మలయాళీకి రెండు వాటాలంటే మొత్తం పదిహేడు. ఒకటి ఎక్కువ.

"మరి ఎవుర్ని తీస్తారు?" అని అడిగింది మేడం.

"గోల్‌కీపర్ని. ముప్పై ఆరు దాటినాడు. రెండో కీపర్ ఉన్నాడు గదా, వాడు..."

అప్పుడు తలెత్తి నన్ను చూశారు. చేతిలో పెన్ను ఆగింది.

"నీ మొగుడని కాదమ్మా" అన్నారు. "లెక్క కుదర్లే. ఇబ్రాలో అయినా జీతం అదే వస్తాది."

"సరే సార్" అన్నాను. ఇంకేమంటాను? కంగారులో టీలో చక్కెర వేయడం మరిచిపోయాను. ఆయన చక్కెర అడగకుండానే చప్పటి టీ మొత్తం తాగేశారు. ఈయనకూ ఇది మింగుడు పడటం లేదని అప్పుడే నాకు అర్థమైంది. లీగు ఆఫీసులో జాబితా ఇవ్వడానికి ఇంకా పది రోజులకు పైగా గడువుంది.

శుక్రవారం మా ఆయనకు చెప్పాను. ఆయన చేపముక్క నములుతూ విన్నాడు.

"ఇబ్రాల ఖజ్జూర చెట్లు మస్తుంటయట" అన్నాడు.

"నవ్వులాటనా నీకు?"

"ఏం జెయ్యమంటవే? పోయి కాళ్లు మొక్కాల్నా? గోల్ కాడ నిలబడెటోడు బాల్ వచ్చినంకనే దుంకాలె. రాకముందే దుంకితె అవుతలి దిక్కుకెళ్లి పోతది."

"బాల్ ఎప్పుడో వచ్చింది. నువ్వే గుడ్లప్పగిచ్చి నిలబడ్డవ్" అన్నాను.

ఆయన నవ్వి, నవ్వు ఆపి, సముద్రం వంక చూస్తూ కూర్చున్నాడు. నాలుగేళ్లు ఎడం ఉండి, ఇంకో ఏడాదిన్నర శుక్రవారాలు లెక్కపెట్టుకుని బతికినవాళ్లం. ఇబ్రాలో ఖర్జూర చెట్లు ఎన్ని ఉంటే నాకేమిటి?

ఆ వారంలో ఒక మధ్యాహ్నం మేడం, పిల్లలు నిద్రపోతున్నారు. మేకలున్న పొరుగువాళ్ల కోసం నేను ఖర్జూరం గింజలు కడిగి డబ్బాలో పోసి ఉంచేదాన్ని. ఆ డబ్బా తీసి వంటింటి నేల మీద బోర్లించాను. ఒక నెల వాటాకు ఒక గింజ. ఒక మనిషికి ఏడాదికి పన్నెండు గింజలు, ఒక వరుస. పదహారు వరుసలు పేర్చాను. అదీ సీలింగు. అందులో రెండు వరుసలు మలయాళీకి జరిపాను. మిగిలినవి పద్నాలుగు, మనుషులు పదిహేను. ఎన్నిసార్లు పేర్చినా ఒక మనిషి వరుస లేకుండా నిలబడ్డాడు. ఆ మనిషి మా ఆయన.

తలా ఒక గింజ తీసేస్తే? సరిపోతుంది. కానీ తన కోసం తోటివాళ్ల నెల డబ్బు కోయించాడని తెలిస్తే మా ఆయన ఆ గోల్ దగ్గర నిలబడడు. నేనైనా నిలబడమనను.

మా పెద్దమ్మ మాట గుర్తొచ్చింది. ఆకు వంక చూడకు, రాలిన ముక్కలు చూడు. కోయకుండా తనంతట తాను రాలే గింజ ఏదైనా ఉందా? ఎవరైనా ఏ నెలలోనైనా తీసుకోకుండా వదిలేసే వాటా? పోయినేడు తండ్రి చనిపోయి ఇంటికి వెళ్లిన ఒకతను గుర్తొచ్చాడు. ఊళ్లో ఉన్న రెండు నెలలకు జీతం ఇచ్చారు గానీ ఆట డబ్బు ఇవ్వలేదని వచ్చాక గొణిగాడు. ఊళ్లో ఉన్నవాడికి వాటా లేదు.

లీవు!

రెండేళ్లు నిండితే రెండు నెలల లీవు, పోనూ రానూ టికెట్టు. అది కంపెనీ కాగితంలోనే ఉంటుంది. మా ఆయనకు రెండేళ్లు ఎప్పుడు నిండుతాయో నాకెవరు చెప్పాలి? చలి మొదలయ్యే నెల. లీగు మొదలయ్యే నెల. ఆయన ఒక్కడే దిగలేదు కదా. వరండాలో ఆరు ప్లేట్లు పెట్టింది నేనే. ఆరుగురికీ ఒకే రోజు లీవు వస్తుంది. ఆరుగురూ జట్టులోనే ఉన్నారు. రెండో గోల్‌కీపర్ కూడా ఆ ఆరుగురిలో ఒకడే.

ఆరు వరుసల్లోంచి రెండేసి గింజలు తీశాను. గుప్పిట్లో పన్నెండు. సరిగ్గా ఒక వరుస.

సార్‌కు ఇది తట్టకపోవడానికి కారణం ఉంది. జట్టు కట్టాక ఇంతమందికి ఒకేసారి లీవు రావడం ఇదే మొదటిసారి. పైగా లీవు మాట ముందుగా ఎత్తితే పని ఉందని ముదీర్ వెనక్కి జరుపుతాడని గల్ఫులో ప్రతి కూలీకీ తెలుసు. అందుకని చివరి నెల వచ్చేదాకా ఎవడూ నోరు విప్పడు. సూట్‌కేసు కొని మంచం కింద దాచుకుంటాడు గానీ లీవు అని పైకి అనడు. మా ఆయన కూడా అంతే. నాతో కూడా గుసగుసగానే అనేవాడు.

ఉత్తినే లీవు గుర్తుచేస్తే సార్ అందరి లీవులూ జరిపేస్తారేమో. అప్పుడు ఆరుగురూ నా మీద మన్ను పోస్తారు. కాబట్టి ముందు వాళ్ల దగ్గరికే వెళ్లాలనుకున్నాను. తరువాతి శుక్రవారం మధ్యాహ్నం మేడం అనుమతి తీసుకుని బౌషర్ గ్రౌండుకు వెళ్లాను. మా ఆయన మిగతా అయిదుగురినీ పైపుల గోల్ పక్కన గోడ నీడలోకి పిలుచుకొచ్చాడు. నేల కాలుతోంది. విషయం చెప్పాను. లీగు నడిచేటప్పుడు కాకుండా ఇప్పుడే, జూలైలో లీవుకు పోండి, ఆగస్టు చివరకు వచ్చేయండి, ఎవరి స్థానం ఎక్కడికీ పోదు అన్నాను.

"జూలైల పోయి ఏం జేస్తం అక్కా? ఊర్లె ఏముంటది?" అన్నాడు ఒకతను.

"నాట్లుంటయ్."

"రెండేండ్లకోపారి పోవుడు, పోయి బురదల దిగుడా?"

"నీ పెండ్లాం రెండేండ్ల సంది ఒక్కతె దిగుతంది. ఒక్కపారి నువ్వు దిగితె కాళ్లు అరుగుతయా?"

మిగతావాళ్లు గొల్లున నవ్వారు. ఇంకొకతను తల గోక్కున్నాడు. "నేను బతుకమ్మకు పోదామనుకున్న."

"బతుకమ్మ ఆడేది మేము. నువ్వు పోయి చప్పట్లు గొడుతవా?"

"పూలు తెంపుకొస్త గదా!"

"పూలు తెంపెతందుకు విమానమెక్కి పోతవారా?" అని పక్కవాడు వీపు మీద చరిచాడు.

రెండో గోల్‌కీపర్ మాత్రం నవ్వలేదు. నేల మీద బూటుతో గీతలు గీస్తున్నాడు. మా ఆయన పోతే ఆ స్థానం అతనిది. ఆ సంగతి అందరికీ తెలుసు.

"నేను ఊకుంటె గోల్ నాదే గద అక్కా" అన్నాడు మెల్లగా.

"నీదే. మరి లీగు మొదలైనప్పుడు నువ్వు ఊర్లె ఉంటవ్ గద. ఆన్నుంచే ఆపుతవా బాల్?"

"లీవు జరుపుకుంట."

"రెండేండ్ల సంది ఎదురుచూస్తున్న మీ అమ్మకు నువ్వే చెప్పుకో మరి."

అప్పుడు మా ఆయన ముందుకు జరిగి, "ఇగో తమ్మీ, మొదటి మూడు ఆటలు నువ్వే నిలబడు. నేను బయట కూసుంట. నా మోకాళ్లకు గూడ లీవు గావాలె" అన్నాడు.

"నాలుగు" అన్నాడు అతను వెంటనే.

"నీయవ్వ, కూరగాయలు బేరమాడుతున్నవా? నాలుగే తీస్కో."

అందరూ సరేనన్నారు. బతుకమ్మ అతను మాత్రం పూల సంగతి గొణుగుతూనే ఉన్నాడు.

ఆ సాయంత్రమే సార్ జాబితాను తెల్లకాగితం మీద శుభ్రంగా ఎత్తి రాస్తున్నారు. పొద్దున్నే ఇచ్చేయాలి. నేను గింజల డబ్బా పట్టుకుని బల్ల దగ్గర నిలబడ్డాను.

"సార్, ఒక్క మాట."

"చెప్పమ్మా. నీ మొగుని సంగతయితే మాత్రం..."

"ఆయన సంగతి గాదు సార్, ఆట సంగతి. సీలింగంటే నాకు ఎర్కనే. మా ఊర్ల దొర భూమికి గూడ అచ్చింది. దొర ఒక్క గుంట పోనియ్యలే. ఉన్నోళ్ల పేర్ల, లేనోళ్ల పేర్ల రాయించిండు."

సార్ నవ్వారు. "దొంగలెక్క రాయమంటావా నన్ను?"

"లేదు సార్. దొంగలెక్క అక్కర లేకుంటనే అయితది. లీగుల మొదటి ఆటనాడు గోల్ కాడ ఎవరుంటరు?"

"రెండో కీపర్."

"ఆయన జగిత్యాల్ల ఉంటడు సార్. ఇంకో నలుగురు ఆటగాళ్లు గూడ ఆ దిక్కే ఉంటరు."

ఆయన పెన్ను కింద పెట్టారు. "ఏందమ్మే నువ్వు చెప్పేది?"

"లీవు సార్. ఆరుగురు ఒక్కనాడే దిగిర్రు. ఒక్కనాడే రెండేండ్లు నిండుతయ్."

మేడం అప్పటికే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. "అవును, ఆ దినం ఆరు ప్లేట్లు పెట్టినాం వరండాలో. నాకు బాగా గ్యాపకం."

సార్ లేచి బ్రీఫ్‌కేసు తెచ్చారు. అందులోంచి ఒక రిజిస్టరు తీసి వేలితో కిందికి జరుపుతూ పోయారు. వేలు ఒక చోట ఆగింది. కిందికి జరిగింది. ఆగింది. అలా ఆరుసార్లు. నాకు ఆ అంకెలు చదవడం రాకపోయినా ఆ వేలు చెప్పేది తెలుస్తూనే ఉంది.

"నా టీములో కీపర్లు ఇద్దరూ ఒకేసారి లీవు" అన్నారు నెమ్మదిగా. "ఒకణ్ణి నేనే తీసేస్తి, ఇంగొకడు ఎగిరిపోతాడు. గోల్‌లో నేను నిలబడాల్సి వచ్చేది."

"మీరు నిలబడితే పెద్దగా సందు ఉండదులెండి" అంది మేడం ఆయన పొట్ట వంక చూస్తూ.

"ఒక్కడన్నా నోరెత్తలేదేమి?"

"ఎత్తితె మీరు వెనక్కి జరుపుతరని భయం సార్" అన్నాను.

"జరుపుతారు గదా మరి!" అంది మేడం.

అప్పుడు గింజలు బల్ల మీద పేర్చాను. పదహారు వరుసలు. రెండు మలయాళీకి. పదిహేను మందికి పద్నాలుగు. ఆరుగురి దగ్గర రెండేసి తీసి, ఆ పన్నెండింటినీ ఖాళీగా ఉన్న చోట పెట్టాను. ఊళ్లో ఉన్న నెలలకు వాటా లేదు కదా సార్, పోయినేడు మీరే ఇయ్యలేదు అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకుని, వరుసలు వేలితో తాకుతూ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టారు. తర్వాత కాగితం మీద లెక్కవేశారు. తర్వాత ఇంకో కాగితం మీద. నేను నిలబడే ఉన్నాను.

"కుదిరింది" అన్నారు.

ఆ ఒక్క మాట విన్నప్పుడు నాకు కలిగిన గర్వం, నా జీవితంలో అంతకు ముందు వెయ్యి బీడీలు పూర్తయిన ఏ రోజునా కలగలేదు.

వెంటనే ఆయన ముఖం మళ్లీ ముడుచుకుంది. "అయినా లీవులు లీగులో పడితే ఏం లాభం? జూలైలో పోవాల. ఈ ఎండల్లో పని గూడ తక్కువ, అర్బాబ్, అదే మన ఓనరు, కాదనడు. వాళ్లు ఒప్పుకోవాల గదా."

"ఒప్పుకున్నరు సార్. ఇయ్యాల పోయి అడిగిన. ఒకాయన బతుకమ్మ అన్నడు గని, ఆయన గూడ ఒప్పుకున్నడు."

"అడిగేసినావా! ఈ కంపెనీకి ముదీర్ నేనా, నువ్వా?"

"ఇప్పుడు ఆ లెక్క గూడ గింజల్తోనే తేల్చాల్నా?" అంది మేడం. సార్ మొదట ఉరిమి చూసి, తర్వాత కుర్చీలో వెనక్కి వాలి పడీపడీ నవ్వారు. పిల్లలు లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి ఏమైందో తెలియక వాళ్లూ నవ్వారు.

నవ్వడం అయ్యాక ఆయన పాత జాబితాను రెండు ముక్కలు చేసి కొత్త కాగితం తీసుకున్నారు. జాబితాలో గోల్‌కీపర్ పేరే మొదట రాస్తారని నాకు ఆ రోజే తెలిసింది. పై వరుస రాసి, కాగితం నావైపు తిప్పి, "ఇదీ నీ మొగుడు" అన్నారు. నల్లటి సిరాలో ఒక చిన్న వరుస. అందులో ఒక్క అక్షరమూ నాకు తెలియదు. అయినా చాలాసేపు చూశాను. మేడం నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంగ సాల్లే, సిరా ఆరనీ" అంది.

మర్నాడు శనివారం. చీకటి విడకముందే లేచి, తలారా స్నానం చేసి, పెట్టెలో దాచుకున్న చీర కట్టుకున్నాను. జాబితా ఇవ్వడానికి సార్ బయల్దేరుతుంటే నేనూ వస్తానన్నాను. ఆయన మేడం వంక చూశారు. "తీస్కపోండి. దారిలో ఎవురన్నా లెక్క అడిగితే మీరు చెప్పలేరు" అంది ఆమె. "టిపను నేను చేస్కుంటాలే."

ముందు క్యాంపువైపు పోనివ్వమని అడిగాను. డ్యూటీ బస్సు ఇంజను ఆన్‌లో ఉంది. కూలీలు టిఫిన్ డబ్బాలతో ఎక్కి కూర్చున్నారు. నేను కారు దిగి వెళ్లి, మా ఆయన కూర్చునే వైపు రేకు మీద అరచేత్తో కొట్టాను. కిటికీలోంచి తల బయటకు పెట్టాడు, హెల్మెట్టు పెట్టుకుని.

"జూలైల పోతున్నవ్. నాట్లెయ్య. ఆగస్టు చివరికి ఈన్నే ఉండాలె" అన్నాను.

"మరి ఇబ్రా?"

"ఇబ్రా లేదు గిబ్రా లేదు. నీ పేరే పైన రాసిర్రు."

బస్సులో ఉన్నవాళ్లంతా ఈలలు వేస్తూ సీట్ల రేకులు వాయించారు. ఎవడో, "అన్నా, ఇగ నుంచి కోచ్ అక్కనే!" అని అరిచాడు. మా ఆయన హెల్మెట్టు తీసి, జుట్టు సవరించుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. బస్సు కదిలింది.

తర్వాత సార్‌తో పాటు లీగు ఆఫీసుకు వెళ్లాను. అక్కడ ఆడమనిషిని నేనొక్కదాన్నే. కూర్చోమని కుర్చీ చూపించారు గానీ నేను కూర్చోలేదు. గుమాస్తా కాగితం తీసుకుని, మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదివి, వాటాలు కూడి, మళ్లీ కూడి, తలూపి ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. ఆ ముద్ర కాగితం మీద పడేదాకా నేను బల్ల దగ్గర నుంచి కదలలేదు.